పిల్లల ఉబ్బసం: మహమ్మారి అడిగిన మూడు ప్రశ్నలు

2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా పేర్కొన్నది. రెండు వారాలు తిరిగేసరికి మన దేశంలో రైళ్లు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. ఊపిరితిత్తులను పట్టి పీడించే క్రొత్త జబ్బు వచ్చిందని విని అందరూ భయపడ్డారు. కాని ఉబ్బసపు బిడ్డ వున్న ఇంట ఆ భయం మరొక తీరుగా వుండినది. ఇల్లు చిమ్మినా, పోపు వేసినా, కాస్త పడిశం పట్టినా పిల్లికూతలు మొదలయ్యే ఆ చిన్న ఛాతీలోకి ఈ వైరస్ ప్రవేశిస్తే ఏమి కావాలి?

ఆ తల్లిదండ్రులు ఆనాడు వైద్యులను ముఖ్యంగా మూడు ప్రశ్నలు అడిగారు. ఆయాసం వచ్చినప్పుడు ఎప్పటివలె నెబ్యులైజరు పెట్టవచ్చునా? రోజూ పీల్చే స్టెరాయిడు మందు ఆపివేయాలా? ఉబ్బసం వున్న పిల్లలకు ఈ వ్యాధి మరింత ప్రమాదమా? ఈ ప్రశ్నలు కొత్తవిగా కనిపించినా, వాటి జవాబులు చాలావరకు అంతకుముందే సిద్ధంగా వున్నాయి. రెండు శతాబ్దాలుగా వైద్యులూ, రసాయన శాస్త్రజ్ఞులూ, కొన్ని సందర్భాలలో పిల్లలే, ఆ జవాబులను కొంచెం కొంచెంగా సమకూర్చారు. ఆ చరిత్రను తెలుసుకోవడం ఉపాధ్యాయులకు ఎంతో ఉపయోగం. ఎందుకంటే ఉబ్బసపు పిల్లవాడు మెలకువగా వుండే వేళలో పెద్దభాగం గడిపేది వారి కళ్లయెదుటనే.

వ్యాధి స్వరూపం

ఉబ్బసం మన పూర్వులకు తెలియని జబ్బు కాదు. చరక సంహిత శ్వాసరోగాలను అయిదు విధాలుగా విభజించి, వాటిలో ఒకదానిని తమకశ్వాస అన్నది. నేటి ఉబ్బసానికి దగ్గరగా వుండేది అదే.

ఈ వ్యాధిలో జరిగేవి మూడు పనులు. శ్వాసనాళాల చుట్టూ వుండే కండరాలు బిగుసుకుంటాయి. నాళాల లోపలి పొర వాస్తుంది. చిక్కని శ్లేష్మం దారికి అడ్డుపడుతుంది. మూడింటి ఫలితమూ ఒకటే, గాలి పోయే దారి ఇరుకవుతుంది. భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఇక్కడ ఒక లెక్క చెప్పవచ్చు. గొట్టంలో గాలి అలజడి లేకుండా సాగుతున్నప్పుడు దానికి కలిగే నిరోధం గొట్టపు వ్యాసార్ధం యొక్క నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలో వుంటుంది. అనగా వ్యాసార్ధం సగమైతే నిరోధం రెండింతలు కాదు, 16 రెట్లు అవుతుంది. పిల్లల శ్వాసనాళాలు అసలే సన్ననివి. పెద్దవానికి కొద్దిపాటి ఇబ్బంది కలిగించే వాపు పసివాని ఊపిరిని బిగబట్టడానికి కారణమిదే.

మొదటి ప్రశ్న: మందు ఊపిరితిత్తులకు చేరే దారి

జబ్బు ఊపిరితిత్తులలో వున్నప్పుడు మందును అక్కడికే నేరుగా పంపడం మేలు అన్న ఆలోచన పాతదే. ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణానికి చెందిన వైద్యుడు జాన్ మడ్జ్ 1778లో, మూతగల లోహపు చెంబుకు గొట్టం అమర్చి, వేడినీటి ఆవిరిని పీల్చే సాధనాన్ని వర్ణించాడు. దానికి ఆయన పెట్టిన ‘ఇన్‌హేలర్’ అన్న పేరు నేటికీ నిలిచివుంది.

తరువాతి మెట్టుకు మద్రాసుతో సంబంధం వుంది. ఉమ్మెత్తను ఎండబెట్టి, చిలుములో వేసి కాల్చి, ఆ పొగ పీల్చి ఆయాసం తగ్గించుకోవడం ఈ దేశంలో వాడుకలో వుండేది. మద్రాసులో ప్రధాన వైద్యాధికారిగా వున్న జేమ్స్ ఆండర్సన్ ఈ వాడుకను గమనించాడు. ఆయన ద్వారా తెలుసుకున్న జనరల్ జెంట్ అనే సేనాని 1802లో ఆ మొక్కను బ్రిటనుకు చేర్చాడు. కొద్ది కాలంలోనే యూరపు అంతటా ఉమ్మెత్త పొగ ఉబ్బసానికి మందయింది. పందొమ్మిదవ శతాబ్దంలో ‘ఉబ్బసపు సిగరెట్లు’ కూడా అమ్ముడుపోయాయి. ఉమ్మెత్తలోని ఆట్రొపిన్ వంటి క్షారాలు, శ్వాసనాళాల కండరాలను బిగించే నాడీ సంకేతాలను అడ్డగిస్తాయి. తీవ్రమైన ఆయాసంలో పిల్లలకు నేడు ఇచ్చే ఇప్రాట్రోపియం అనే మందు ఆట్రొపిన్‌కు రసాయనికంగా దగ్గరి చుట్టం. అయితే ఉమ్మెత్త విషం. దాని మోతాదు ఎవరి చేతిలోనూ నిలకడగా వుండదు కనుక నేడు దానిని మందుగా వాడడం ప్రాణాపాయం.

ఇరవయ్యవ శతాబ్దం మొదట్లో అడ్రినలిన్ వచ్చింది. 1903 నాటికి దానిని చర్మం క్రింద సూదిమందుగా ఇచ్చి ఆయాసం తగ్గించగలిగారు. తరువాత ఆ మందు ద్రావకాన్ని తుంపరలుగా చేసి పీల్పించే గాజు నెబ్యులైజర్లు వచ్చాయి. రబ్బరు బుడ్డిని చేతితో నొక్కుతూ వుంటే ద్రావకం తుంపరలై బయటికి వచ్చేది. సాధనం పెళుసుది, మోతాదు నిలకడలేనిది. బడికి వెళ్లే పిల్లలకు అది పెద్ద బరువు.

ఆ బరువును మోసిన పిల్లలలో ఒకతె, అమెరికాలోని రైకర్ ఔషధ సంస్థ అధ్యక్షుడైన జార్జి మైసన్ కుమార్తె సూసీ. ఆమెకు అప్పుడు 13 ఏళ్లు. 1955లో ఒకనాడు ఆమె తండ్రిని ఒక ప్రశ్న వేసింది. జుట్టుకు చల్లుకునే ద్రావకం డబ్బాలో నుండి తుంపరగా వస్తున్నప్పుడు, తన మందు మాత్రం ఎందుకు అలా రాకూడదని. తండ్రి ఆ మాటను నవ్వి ఊరుకోలేదు. ఆయన సంస్థలోని వారు సెంటు సీసాలకోసం తయారైన, ప్రతిసారీ ఒకే కొలత ద్రావకాన్ని విడిచే కవాటాన్ని తీసుకుని, మందును ద్రవీకరించిన వాయువుతో కలిపి చిన్న డబ్బీలో బంధించారు. 1956లో అది ‘మెడిహేలర్’ పేరుతో అంగళ్లకు వచ్చింది. నేడు పిల్లల జేబులలో కనిపించే ఇన్‌హేలరు దాని సంతతే.

దీనికి ఒక లోపం వుంది. తుంపర చాలా వేగంగా వస్తుంది. నొక్కడమూ పీల్చడమూ ఒకే క్షణంలో జరగాలి. చిన్నపిల్లలకు ఇది చేతకాదు, మందులో ఎక్కువ భాగం గొంతుకే తగిలి మిగిలిపోతుంది. ఈ చిక్కును స్పేసరు తీర్చింది. అది ఇన్‌హేలరుకూ నోటికీ మధ్య వుంచే బోలు గొట్టం, అంతే. మందు ముందుగా అందులోకి చేరి, వేగం తగ్గి నిలుస్తుంది. పెద్ద బిందువులు గోడలకు అంటుకుంటాయి. సుమారు 1 నుండి 5 మైక్రానుల పరిమాణం గల సన్నని బిందువులను పిల్లవాడు నింపాదిగా నాలుగైదు సార్లు పీల్చుకుంటాడు.

ఇంత చిన్న సాధనానికి కూడా డబ్బులేని కుటుంబాల సంగతి ఏమిటి? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో హెదర్ జార్ అనే పిల్లల వైద్యురాలు, ఆమె సహచరులు దీనికి జవాబు వెదికారు. 500 మిల్లీలీటర్ల ఖాళీ ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలరు మూతికి సరిపడే రంధ్రం చేసి, సందులేకుండా అతికించారు. 5 నుండి 13 ఏళ్ల మధ్య వయసుగల 88 మంది పిల్లలపై దానిని దుకాణంలో కొన్న స్పేసరుతో పోల్చి పరీక్షించారు. సందు మూసిన సీసా, కొన్న స్పేసరుతో సమానంగా పనిచేసింది. ఈ ఫలితాలు 1999లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడ్డాయి. అంతకుముందునుంచే వివిధ దేశాల పరీక్షలు మరొక సంగతి చెబుతూవచ్చాయి. ప్రాణాపాయం లేని ఆయాసంలో స్పేసరుతో ఇచ్చిన మందు నెబ్యులైజరుకు ఏమాత్రం తీసిపోదు. పిల్లలు ఆస్పత్రి అత్యవసర విభాగంలో గడపవలసిన సమయం కూడా తగ్గుతుంది. అయినా ఆస్పత్రులు పాత అలవాటును మానుకోలేదు. పొగలు గ్రక్కే యంత్రాన్ని చూస్తేనే వైద్యం జరిగిందన్న తృప్తి తల్లిదండ్రులకు కూడా కలిగేది.

అలవాటును కదిలించినది భయం. 2003 మార్చిలో హాంగ్‌కాంగ్‌లోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆస్పత్రిలో సార్స్ వ్యాధిగల ఒక రోగికి, ఆ వ్యాధి అని ఇంకా తెలియకముందు, నెబ్యులైజరు ద్వారా మందు ఇచ్చారు. ఆ వార్డునుండి వ్యాధి 138 మందికి సోకింది. యంత్రం విసరిన తుంపరలు ఇందుకు తోడ్పడివుంటాయని అక్కడి వైద్యులు అనుమానించారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఆ అనుమానమే మళ్లీ తలయెత్తింది. నెబ్యులైజరునుండి వచ్చే తుంపర మందుదే గాని రోగిది కాదని బ్రిటన్ ఆరోగ్యాధికారులు వాదించారు. అమెరికాలోనూ, మరి పెక్కు చోట్లనూ వైద్యులు మాత్రం వీలైనంతవరకు దానిని మానాలనే చెప్పారు. ఉబ్బస చికిత్సకు మార్గదర్శకాలు ప్రకటించే ‘జీనా’ అంతర్జాతీయ సంస్థ సలహా కూడా అదే. ఈ వివాదం పూర్తిగా తెగకపోయినా, పిల్లలకు నష్టం కలుగలేదు. సమానమైన సాధనం చేతిలోనే వున్నది. ఇరవై ఏళ్ల పరీక్షలు మార్చలేని అలవాటు కొన్ని వారాలలో మారింది.

ఆ మార్పు ఎంత వేగంగా జరిగిందంటే, అమెరికాలో సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్లకు కొరత వచ్చింది. 2020 ఏప్రిల్ 8న అక్కడి ఆహార ఔషధ నియంత్రణ శాఖ, మన ముంబయిలోని సిప్లా సంస్థ తయారుచేసిన చవకరకం ఇన్‌హేలరుకు అనుమతినిచ్చింది.

రెండవ ప్రశ్న: రోజువారీ మందు ఆపాలా?

ఈ ప్రశ్నకు జవాబు ఒక విషాదంనుండి మొదలవుతుంది. ఇన్‌హేలరు వచ్చిన కొద్ది ఏళ్లకు, ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో ఉబ్బసంతో మరణించే యువకుల సంఖ్య వింతగా పెరిగింది. స్పైజర్, డాల్, హీఫ్ అనే ముగ్గురు పరిశోధకులు 1968లో ఆ లెక్కలు ప్రకటించారు. 1959కీ 1966కీ మధ్య, 10 నుండి 14 ఏళ్ల పిల్లలలో ఉబ్బస మరణాల రేటు సుమారు ఎనిమిది రెట్లయింది. మందులు మెరుగైన కాలంలో మరణాలు పెరగడమేమిటి? అనుమానం ఆనాటి ఐసోప్రినలిన్ ఇన్‌హేలర్ల అతివాడకంమీద పడింది. ఆ మందు గుండెను కూడా ఉద్రేకపరుస్తుంది. అంతకుమించిన అపాయం, అది తాత్కాలికంగా ఊపిరి ఆడించి, లోపల వాపు ముదురుతున్న సంగతిని కప్పిపుచ్చడం. పిల్లవాడు మళ్లీ మళ్లీ నొక్కుకుంటూ, ఆస్పత్రికి చేరవలసిన సమయాన్ని దాటిపోయేవాడు.

గుండెమీద తక్కువగా పనిచేసే సాల్బ్యుటమాల్‌ను డేవిడ్ జాక్ బృందం రూపొందించింది. అది 1969లో వాడుకలోకి వచ్చింది. కాని అది కూడా ఉపశమనమే, నివారణ కాదు. వాపును అణచే మందు స్టెరాయిడు. కార్టిసోన్‌పై పరిశోధనలకు 1950లో నోబెల్ బహుమానం లభించింది. ఉబ్బసంలో దాని గుణం ప్రత్యక్షంగానే కనిపించింది. కాని మాత్రలుగా నెలల తరబడి మింగితే పిల్లల ఎదుగుదల దెబ్బతినేది. 1972లో బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడును ఇన్‌హేలరులో ఇవ్వడం మొదలయినప్పుడు ఈ చిక్కు విడిపోయింది. మందు వాపు వున్నచోటికే పోతుంది కనుక మిల్లీగ్రాములకు బదులు మైక్రోగ్రాములు చాలును. పిల్లలకు రోజుకు 100 లేక 200 మైక్రోగ్రాములతో తరచు సరిపోతుంది. 1980లలో శ్వాసనాళాలనుండి తీసిన చిన్న ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించినప్పుడు, తేలికపాటి ఉబ్బసంలో కూడా లోపలి పొర వాచివుండడం కనిపించింది. ఆయాసం లేని రోజులలో కూడా మందు ఎందుకు పీల్చాలి అన్న ప్రశ్నకు అదే సమాధానం.

2020 వసంతంలో, వైరస్‌వల్ల వచ్చే న్యుమోనియాలో స్టెరాయిడు మాత్రలు, సూదిమందులు మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఈ సూచన నోట నోట పాకి, ‘స్టెరాయిడు వాడేవారికి కోవిడ్ ఎక్కువ’ అన్న భయంగా మారింది. కొందరు తల్లిదండ్రులు పిల్లల ఇన్‌హేలరు దాచివేద్దామా అని ఆలోచించారు. ‘జీనా’ సంస్థ వెంటనే స్పష్టం చేసింది: వాడుతున్న మందును ఆపవద్దు. ఆపితే ఉబ్బసం తిరగబెడుతుంది, అప్పుడు బిడ్డను మహమ్మారితో నిండిన ఆస్పత్రికే మోసుకుపోవలసివస్తుంది. కాలం ఈ సలహాను సమర్థించింది. 2020 జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ పరీక్ష, ప్రాణవాయువు అవసరమైన కోవిడ్ రోగులలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు మరణాలను తగ్గిస్తుందని తేల్చింది.

స్టెరాయిడు ఇన్‌హేలరుకు దోషమే లేదని చెప్పడం సత్యం కాదు. ఏళ్ల తరబడి వాడిన పిల్లలు పెద్దయిన తరువాత సగటున సుమారు ఒక సెంటీమీటరు పొట్టిగా వుండడం అమెరికా పరిశోధనలో గమనించారు. ఊపిరాడని రాత్రులతోనూ, తప్పిపోయే పరీక్షలతోనూ, అరుదుగానైనా సంభవించే మరణంతోనూ పోల్చినప్పుడు ఆ ఒక్క సెంటీమీటరు ఎంత చిన్నదో పాఠకులే తూచుకోవచ్చు.

మూడవ ప్రశ్న: ఉబ్బసపు పిల్లలకు ప్రమాదం ఎక్కువా?

భయపడడానికి ఆధారం లేకపోలేదు. 2009లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో అమెరికాలో ఆస్పత్రి పాలైన పిల్లలకు తరచుగా వున్న పాత జబ్బు ఉబ్బసమే. కోవిడ్ కూడా అలాగే వుంటుందని 2020లో అందరూ అనుకున్నారు. కాని జరిగినది వేరు. అదుపులో వున్న ఉబ్బసంగల పిల్లలు కోవిడ్‌వల్ల ఇతర పిల్లలకంటే ఎక్కువగా ప్రమాదంలో పడినట్లు కనబడలేదు. అంతకన్న ఆశ్చర్యమేమంటే, ఉబ్బసమే తగ్గింది. ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రిలో ఆయాసంతో అత్యవసర విభాగానికి వచ్చే పిల్లల సంఖ్య ఆ వసంతంలో మూడువంతులకు పైగా పడిపోయింది. ఇంగ్లండు మొదలైన దేశాలలో కూడా ఇటువంటి తగ్గుదలే కనిపించింది.

జనం భయపడి ఆస్పత్రికి రాకపోవడం ఇందులో కొంత కారణం కావచ్చు. కాని ఊపిరాడని బిడ్డను ఏ తల్లీ ఎంతోకాలం ఇంట వుంచుకోదు. తీవ్రమైన ఆయాసంతో వార్డులలో చేరే పిల్లలు కూడా తగ్గారు కనుక, జబ్బు నిజంగానే తగ్గిందని భావించాలి. మరి గాలి శుభ్రపడడంవల్లనా? ఫిలడెల్ఫియాలో ధూళికణాల, ఓజోను కొలతలు మునుపటి ఏళ్లకంటే అంతగా మారలేదు. మారినది మరొకటి: మామూలు పడిశం కలిగించే రైనోవైరస్ జాడ బాగా తగ్గిపోయింది.

ఈ సూత్రం 25 ఏళ్ల క్రిందటే దొరికినది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ ప్రాంతంలో 9 నుండి 11 ఏళ్ల వయసుగల 108 మంది పిల్లలను పరిశోధకులు 13 నెలలపాటు గమనించారు. వారికి ఆయాసం హెచ్చిన సందర్భాలలో నూటికి 80కి పైగా ఏదో ఒక వైరస్ కనిపించింది. వాటిలో అధికభాగం రైనోవైరస్‌లు. ఈ ఫలితాలు 1995లో వెలువడ్డాయి. కెనడాలో మరొక వింత తెలిసింది. ప్రతి సంవత్సరమూ వేసవి సెలవుల తరువాత బడులు తెరిచిన రెండున్నర వారాలకు, సెప్టెంబరులో, ఆయాసంతో ఆస్పత్రికి వచ్చే పిల్లల సంఖ్య ఒక్కసారిగా శిఖరానికి ఎక్కుతుంది. తరగతి గదులలో పడిశం ఒకరినుండి ఒకరికి పాకడం, సెలవులలో మందులు పీల్చడం మరచిపోవడం, ఈ రెండూ కలిసిన ఫలితమది. 2020లో లోకమంతా తెలియకుండానే ఒక పెద్ద ప్రయోగం చేసింది. బడులు మూసింది, ముఖాలకు గుడ్డ కట్టింది, చేతులు కడుక్కుంది. పడిశం తగ్గింది, పడిశంతోపాటు ఉబ్బసమూ తగ్గింది. బడులు తెరిచాక రెండూ తిరిగివచ్చాయి.

దీని అర్థం బడులు మూసివుంచాలని కాదు. చదువు పోయిన పిల్లల నష్టం మనం చూశాము. జలుబు చేసిన పిల్లవాడు దగ్గేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకోవడం, చేతులు కడుక్కోవడం, గదికి గాలి ఆడేటట్లు చూడడం, ఇవి ప్రక్క బల్లమీది ఉబ్బసపు పిల్లవానికి మందుతో సమానమని మాత్రమే దాని అర్థం.

మన సంగతి

హైదరాబాదులో ఏటా మృగశిర కార్తె ప్రవేశించిన రోజున ఉబ్బసానికి చేపమందు పంపిణీ జరుగుతుంది. బ్రతికివున్న చిన్న కొర్రమీను నోట మందు ముద్ద పెట్టి మింగిస్తారు. వేలాదిమంది దూరదేశాలనుండి కూడా వస్తారు. 2020, 2021, 2022 సంవత్సరాలలో మహమ్మారి కారణంగా అది జరగలేదు. 2023లో మళ్లీ ప్రారంభమైంది. ఆ మందు గుణం శాస్త్రీయమైన పోలిక పరీక్షలలో రుజువు కాలేదు. అయినా అక్కడికి వచ్చే తండ్రిని చులకన చేయడం తగదు. బిడ్డ ఊపిరికోసం రాత్రంతా వరుసలో నిలబడిన ఓర్పు అతనిది. ఆ ఓర్పునే రోజూ ఉదయం, సాయంత్రం రెండు నిమిషాలు ఇన్‌హేలరుకు కేటాయిస్తే ఎంత మేలో అతనికి చెప్పేవారు కావాలి.

ఇది చిన్న విషయం కాదు. 2019 నాటి అంచనాల ప్రకారం మన దేశంలో సుమారు 3.4 కోట్లమంది ఉబ్బస రోగులున్నారు. ప్రపంచ రోగులలో ఇది నూటికి 13 వంతు. ఉబ్బస మరణాలలో మాత్రం మన వాటా నూటికి 40కి మించింది. రోగం మనవద్ద అంత క్రూరమైనదని కాదు, మందు అందడమూ వాడడమూ అంత తక్కువని దీని భావం. ‘ఇన్‌హేలరు అలవాటైపోతుంది’, ‘నలుగురికీ తెలిస్తే ఆడపిల్లకు పెళ్లి కాదు’ అన్న మాటలు ఇన్‌హేలరును బీరువాలో దాచివేస్తున్నాయి.

బడిలో ఉపాధ్యాయులు చేయగలిగినది కొంత వుంది. తరగతిలో ఎవరికి ఉబ్బసమో తెలుసుకోవాలి. వైద్యుడు వ్రాసి ఇచ్చిన సూచనల కాగితం, ఉపశమనపు ఇన్‌హేలరు, స్పేసరు ఆ పిల్లవానికి అందుబాటులో వుండాలి. ఆస్ట్రేలియా బడులలో బోధించే పద్ధతి గుర్తుంచుకోవడానికి సులువైనది. ఆయాసం వచ్చిన బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, స్పేసరులోకి సాల్బ్యుటమాల్‌ను ఒక్కొక్క నొక్కుగా నాలుగుసార్లు వదలాలి. ప్రతి నొక్కుకూ నాలుగు శ్వాసలు పీల్పించి, నాలుగు నిమిషాలు ఆగాలి. తగ్గకపోతే మళ్లీ నాలుగు నొక్కులు ఇచ్చి, ఆస్పత్రికి కబురు చేయాలి. మాట పూర్తిచేయలేకపోవడం, పెదవులు నీలి రంగుకు తిరగడం కనిపిస్తే మాత్రం ఒక్క క్షణమైనా ఆలస్యం చేయరాదు. మందు ఇస్తూనే ఆస్పత్రికి తరలించాలి.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినట్లు ప్రకటించింది. ఆ మూడేళ్లలో ఉబ్బసపు పిల్లలను కాపాడినది ఏ క్రొత్త మందూ కాదు. రోజువారీ నివారణ, ఒక బోలు గొట్టం, పడిశం సోకకుండా జాగ్రత్త, ఇవి మూడూ అంతకుముందే మన చేతిలో వున్నవే. 13 ఏళ్ల ఒక అమ్మాయి అడిగిన ప్రశ్ననుండి ఇన్‌హేలరు పుట్టింది. మన తరగతులలో ఎందరు సూసీలు తమ మందును సంచి అడుగున దాచుకుని కూర్చున్నారో, దానిని బయటికి తీయడానికి వారికి ధైర్యం చెప్పేది మనమేనా కాదా అన్నదే ఇక మిగిలిన ప్రశ్న.